బూజు చెప్పిన తేమ లెక్క

1960 వేసవిలో ఇంగ్లండులోని టర్కీ కోళ్ల ఫారాలలో పిల్లలు ఉన్నట్టుండి మేత మానేశాయి. రెక్కలు వాల్చేసి ఓ మూల కూలబడేవి, వారం తిరక్కుండా చచ్చిపోయేవి. చచ్చేటప్పుడు మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు వెనక్కి చాచేవి. కోసి చూస్తే కాలేయం నిండా రక్తపు మరకలు, మూత్రపిండాలు ఉబ్బిపోయి ఉండేవి. కొద్ది నెలల్లోనే లక్షకు పైగా టర్కీ పిల్లలు పోయాయి. మొదట అందరూ అంటురోగమనే అనుకున్నారు. కోళ్ల ఫారాల్లో మందకు మంద పోతే ఎవరికైనా ముందు తట్టేది అదే. కానీ చచ్చిన పిల్ల పక్కనే ఉన్న బతికిన పిల్లకు ఆ జబ్బు అంటడం లేదు. సూక్ష్మజీవి దొరకలేదు, వైరస్ దొరకలేదు. ఏం పేరు పెట్టాలో తెలియక పశువైద్యులు దాన్ని ‘టర్కీ ఎక్స్’ జబ్బు అన్నారు.

జబ్బు సోకిన ఫారాలను మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటూ పోతే ఒక సంగతి బయటపడింది. చాలావరకు అవి లండన్‌లోని ఒకే మేత మిల్లు సరుకు అందే దూరంలో ఉన్నాయి. తర్వాత మరోచోట బాతు పిల్లలు, ఫెజెంట్ పిల్లలు చచ్చినప్పుడు ఆ మేతను, ఈ మేతను పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటిలోనూ ఉన్నది బ్రెజిల్ నుంచి ఓడలో దిగిన వేరుశెనగ చెక్క. నూనె తీయగా మిగిలిన పిప్పి. మాంసకృత్తులు దండిగా ఉండే చవక సరుకు కాబట్టి కోళ్ల మేతలో దాన్ని ధారాళంగా కలిపేవారు. ఇదంతా డబ్ల్యు.పి. బ్లౌంట్ 1961లో రాసి పెట్టాడు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఆ చెక్క చక్కగా ఎండి ఉండటం. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలింది. గడ్డ కట్టలేదు, పైన బూజు కనబడలేదు. మేత పాడైందా లేదా అని ఇవాళ మన రైతు చూసే నాలుగు పరీక్షలూ పెడితే నాలుగింటిలోనూ నెగ్గేది. అది తడిసింది లండన్‌లో కాదు. అంతకు ఎన్నో నెలల ముందు, సముద్రానికి ఆవల, కాయ పొలంలోనో కళ్లంలోనో ఉన్నప్పుడు. ఆ తర్వాత ఎండింది, గానుగాడారు, ఓడెక్కింది. తడి పోయింది, తడిలో పుట్టింది మాత్రం మిగిలింది.

ఏం మిగిలిందో పట్టుకునే పని లండన్‌లోని ఉష్ణమండల ఉత్పత్తుల సంస్థకు, వేబ్రిడ్జ్‌లోని కేంద్ర పశువైద్య ప్రయోగశాలకు పడింది. సార్జెంట్, ఓకెల్లీ, కార్నహాన్, రూత్ ఆల్‌క్రాఫ్ట్ ఇందులో ముఖ్యులు. విషాన్ని కొలిచే యంత్రం లేదు, అసలు ఏ విషమో తెలిస్తే కదా యంత్రం! అందుకని ఒక్కరోజు వయసున్న బాతు పిల్లను కొలబద్దగా పెట్టుకున్నారు. అనుమానం ఉన్న చెక్క నుంచి తీసిన సారాన్ని దానికి కొద్ది రోజులు పట్టించి, తర్వాత కాలేయంలో పిత్తవాహిక కణాలు ఎంతగా పెరిగాయో చూసేవారు. పక్షి జాతిలో ఈ విషానికి బాతు పిల్లంత త్వరగా లొంగేది ఇంకోటి లేదు. దాని తర్వాత టర్కీ, ఆ తర్వాత ఫెజెంట్, చివరన కోడి. మన కోడి కొంత గట్టిపిండమే. ఆ గట్టితనమే మన రైతును తర్వాత ఎలా ముంచిందో ముందు ముందు చెబుతాను.

చెక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే శిలీంధ్రపు నూలుపోగులు కనబడ్డాయి. కానీ అన్నీ చచ్చినవే. పోషక ద్రవంలో వేసి మొలిపిద్దామంటే మొలవలేదు. ఉగాండా నుంచి వచ్చిన వేరుశెనగ పప్పులో కూడా ఇదే విషం ఉన్నట్టు తేలినప్పుడు దారి దొరికింది. ఆ పప్పు మీద బతికున్న బూజు ఉంది. దాన్ని వేరుచేసి, శుభ్రం చేసిన మంచి పప్పు మీద పెంచితే, ఆ మంచి పప్పు కూడా బాతు పిల్లలను చంపింది. ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. కొత్తదేమీ కాదు, 1809లోనే శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉండే ఈ బూజును నిలవ వేరుశెనగ, మొక్కజొన్న, కొబ్బరి మీద మనమంతా చూసినవాళ్లమే, తుడిచి వాడేసినవాళ్లమే.

దాని విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. సారాన్ని విడగొట్టి అతినీలలోహిత దీపం కింద పెడితే కొన్ని చుక్కలు నీలంగా, కొన్ని ఆకుపచ్చగా వెలిగాయి. నీలానికి బి, ఆకుపచ్చకు జి అని గుర్తులు పెట్టారు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో బ్యూకీ, వోగన్ బృందం వాటి అణు నిర్మాణాన్ని తేల్చింది. అన్నిటిలోకీ ఘోరమైనది బి1. యాభై గ్రాముల బాతు పిల్లలకు ఒక్కోదానికి 18 మైక్రోగ్రాములు పడితే సగం పిల్లలు చస్తాయి. గ్రామును లక్ష భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు కూడా లేని మోతాదు అది. పైగా, ఇలాంటి చెక్క తిన్న ఎలుకల కాలేయాల్లో కణితులు పెరిగాయని 1961లోనే లాంకాస్టర్ బృందం చెప్పింది. అంటే సంగతి కోళ్లతో ఆగేది కాదు. ఆవులకు ఆ చెక్క పెడితే విషం మరో రూపంలో పాలలోకి దిగుతోందని 1963లో ఆల్‌క్రాఫ్ట్, కార్నహాన్ చూపించారు.

వంటింట్లో మరిగించినా, మేత మిల్లులో ఆవిరి పట్టి గుళికలు చేసినా ఈ విషం విరగదు. ఎండలో పెడితే బూజు చస్తుంది, విషం చావదు. అందుకే బూజు పట్టిన మేతను ఎండబెట్టి, జల్లించి, కొత్త మేతలో కొంచెం కొంచెం కలిపేస్తే సరిపోతుందన్న పద్ధతి పనికిరానిది. మన పల్లెల్లో నేటికీ నడుస్తున్నది ఆ పద్ధతే.

బూజు ఎవరో తెలిసింది. మరి బూజు రాకుండా ఉండాలంటే మేత ఎంత ఎండాలి? ఈ ప్రశ్నకు జవాబు టర్కీ పిల్లలు చావకముందే ఒకచోట సిద్ధంగా ఉంది. కాకపోతే ఆ జవాబు కోళ్ల కోసం పుట్టింది కాదు.

1930లలో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు చల్లబరచిన గొడ్డుమాంసం ఓడల్లో వెళ్లేది. వారాల ప్రయాణం. మాంసం పైభాగం మీద సూక్ష్మజీవులు పెరిగి దుర్వాసన పట్టేది. బ్రిస్బేన్‌లో విలియం జేమ్స్ స్కాట్ ఈ చిక్కు మీద పని మొదలుపెట్టాడు. మాంసం పైపొర కొంచెం ఆరితే సూక్ష్మజీవులు నెమ్మదిస్తున్నాయని గమనించాడు. ఎంత ఆరాలి అన్న దగ్గర శాతాల లెక్క పనిచేయలేదు. ఒక పదార్థంలో ఎంత నీరుందన్నది ముఖ్యం కాదు, అందులో ఎంత నీరు సూక్ష్మజీవికి చిక్కేలా ఉందన్నదే ముఖ్యం. 1953లో, మళ్లీ 1957లో రాసిన వ్యాసాలలో ఆయన దీన్ని ఒక అంకెగా నిలబెట్టాడు. శుద్ధమైన నీటికి 1. పూర్తిగా ఎండినదానికి 0. మధ్యలో ప్రతి పదార్థానికీ ఒక అంకె. ‘వాటర్ యాక్టివిటీ’ అన్న ఈ కొలత మీదే నేటి ఆహార పరిశ్రమ సగం నడుస్తోంది.

ఇది అర్థం కావడానికి తేనెను చూస్తే చాలు. తేనెలో 17, 18 శాతం నీరుంటుంది, ఏళ్ల తరబడి బూజు పట్టదు. అదే 17 శాతం తేమతో మొక్కజొన్నను గోనెల్లో కట్టి వానాకాలంలో గోడౌనులో పెట్టండి, కొద్ది రోజుల్లోనే లోపల వెచ్చబడుతుంది. తేనెలోని నీటిని చక్కెరలు పట్టుకుని వదలవు, మొక్కజొన్న గింజలోని నీరు అంత గట్టిగా కట్టుబడి లేదు. ఆవకాయలో నీరు లేకనా బూజు పట్టనిది? ఉప్పు, నూనె, కారం మధ్య ఆ నీరు బూజుకు అందదు.

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్‌కు దాదాపు 0.80 ఉంటే గాని పెరగడం కుదరదు, విషం తయారుచేయడానికి ఇంకాస్త ఎక్కువ కావాలి. అంతకన్నా పొడిలోనూ బతికే బూజులు వేరే ఉన్నాయి, అవి 0.70, 0.75 దగ్గరే మొదలుపెడతాయి. అందుకని నిలవ సరుకుకు 0.70 గీత గీశారు. సంచిలోని గింజల మధ్య గాలిలో తేమ 70 శాతం దాటకూడదన్నమాట.

ఇక్కడో చిక్కుముడి ఉంది. ఆ గీత దగ్గర మొక్కజొన్నలో 13, 14 శాతం నీరుండొచ్చు. వేరుశెనగ పప్పులో 7, 8 శాతమే ఉండాలి. పప్పులో సగం నూనె, నూనె నీటిని దాచుకోదు. ఉన్న నీరంతా మిగతా సగంలోనే ఇరుక్కుని, బూజుకు అందుబాటులో ఉంటుంది. ‘పది శాతమే కదా తేమ’ అని మొక్కజొన్న లెక్కన ధీమాగా నిలవ చేసిన వేరుశెనగ పప్పు పాడయ్యేది అందుకే. నూనె గింజలు, గింజలు, తవుడు, సోయా చెక్క అన్నీ కలిసిన కోడి మేతకు సొంత లెక్క ఉండాలి. భారతీయ ప్రమాణాల సంస్థ కోళ్ల మేతకు తేమ 11 శాతం మించకూడదని పెట్టింది. మన వాతావరణానికి అది చాదస్తమేమీ కాదు.

వాతావరణం అన్నాను కాబట్టి కోస్తాకు వద్దాం. తణుకు, అనపర్తి చుట్టుపక్కల లేయర్ ఫారాలు దండిగా ఉన్న నేల. జులై నుంచి అక్టోబరు దాకా అక్కడి గాలిలో తేమ 80 శాతం దాటి ఉండటం మామూలే. ఆ గాలికి మొక్కజొన్నను వదిలేస్తే, ఎంత ఎండబెట్టి తెచ్చినా, నెమ్మదిగా గాలిలోని నీటిని పీల్చుకుని 15, 16 శాతం దగ్గర ఆగుతుంది. అంటే వాన చుక్క పడకుండానే, కప్పు కారకుండానే, మూతి తెరిచిన బస్తా తడుస్తుంది. ‘గాలి తగిలేలా పెట్టాం సార్’ అని రైతు గర్వంగా చెబుతుంటాడు. రాయలసీమ వేసవిలో అది మంచి మాట, గోదావరి జిల్లాల శ్రావణంలో ప్రమాదకరమైన మాట. ఎండిన సరుకును అక్కడ మూసి ఉంచాలి, పొడి గాలి వీచే రోజున మాత్రమే తెరవాలి.

మొక్కజొన్న ఎప్పటిదన్నది ఇంకో లెక్క. తెలంగాణలో ఖరీఫ్ మొక్కజొన్న కోతకొచ్చేది సెప్టెంబరు, అక్టోబరులలో. నైరుతి వానలు ఇంకా వదలని కాలం, తుపానులు మొదలయ్యే కాలం. కంకి చేలో తడుస్తుంది, కళ్లంలో తడుస్తుంది, మార్కెట్ యార్డులో టార్పాలిను కింద ఆవిరి పడుతుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వరి కోశాక వేసే రబీ మొక్కజొన్న మార్చి, ఏప్రిల్ ఎండల్లో కోతకొచ్చి గలగలలాడుతూ వస్తుంది. రెండూ మొక్కజొన్నే, రెండూ పసుపుపచ్చగానే ఉంటాయి. కాస్త అనుభవమున్న మేత మిల్లు యజమాని మాత్రం ఈ రెండింటికీ ఒకే ధర పెట్టడు.

ఇక బస్తా లోపలి సంగతి. మిక్సర్‌లోంచి వెచ్చగా వచ్చిన మేతను చల్లారనివ్వకుండా సంచిలో కుట్టేస్తే, ఆ వెచ్చదనానికి లేచిన ఆవిరి సంచి గోడకు తగిలి నీరవుతుంది. ఇనుప రేకుల సైలోలోనూ ఇదే. పగలు రేకు కాలుతుంది, లోపలి మేత నుంచి తేమ ఆవిరిగా పైకి లేస్తుంది. రాత్రి రేకు చల్లబడగానే అదే తేమ చెమటలా దాని లోపలి వైపు పట్టి, పైపొర మీదకే చుక్కలుగా రాలుతుంది. టన్నుల మేతలో సగటు తేమ 11 శాతమే ఉండొచ్చు, పైన నాలుగు వేళ్ల మందాన మాత్రం 18 ఉంటుంది. బూజుకు సగటుతో పనిలేదు.

అక్కడ ఒకసారి మొదలయ్యాక దానికి బయటి నీరు కూడా అక్కర్లేదు. బూజు కిలో పిండిపదార్థాన్ని పూర్తిగా తినేస్తే అరకిలోకు పైగా నీరు పుడుతుంది, దాంతో పాటు వేడి. తన నీరు తానే చేసుకుని పక్క గింజను తడుపుతుంది. గోడౌనులో ఒక మూల సంచుల మధ్య చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే, ఆ పాటికి కథ చాలా దూరం నడిచిందని అర్థం.

మన పూర్వులకు ఈ అంకెలు తెలియవు గాని పద్ధతులు తెలుసు. ధాన్యాన్ని గాదెల్లో, వరిగడ్డి తాడుతో చుట్టిన పురుల్లో పోసేవారు. నేలలో పాతర వేసి పైన మట్టితో మూసేసేవారు. మూసేసిన పాతరలో గింజలూ పురుగులూ ఊపిరి పీల్చి ఉన్న ప్రాణవాయువును అవగొట్టేస్తాయి, ఆ తర్వాత ఏదీ పెరగదు. మూడు పొరల గాలి చొరని సంచులను అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 1980ల చివర కామెరూన్‌లో అలసందల కోసం రూపొందించినప్పుడు వాడుకున్న సూత్రం ఇదే. అయితే పాతరను మరీ మెచ్చుకోకూడదు. నేల చెమ్మ పట్టే చోట అడుగు భాగం ధాన్యం రంగు మారి, ముక్కిన వాసనతో బయటికి వచ్చేది. ఆ అడుగు ధాన్యం ముందుగా చేరేది కూలీలకు, కోళ్లకు.

పడమటి భారతంలో 1974 చివర జరిగింది ఇలాంటిదే, అయితే చాలా పెద్దది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల్లోని గిరిజన గ్రామాల్లో కోత సమయంలో అకాల వానలకు మొక్కజొన్న తడిసింది. సరైన నిలవ సౌకర్యం లేదు, తిండికి వేరే గింజ లేదు. కామెర్లు, ఉబ్బిన పొట్టలతో 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. వాళ్లతో పాటు అదే తిండి తిన్న ఊరకుక్కలూ చచ్చాయి. కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్, తిలక్ 1975లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సంస్థకు ఈ విషంతో అప్పటికే పరిచయముంది. పిల్లల్లో పోషకాహార లోపానికి వేరుశెనగ పిండిని మందుగా పెట్టాలని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో తుల్పులే, మాధవన్, గోపాలన్ కలిసి కోతి పిల్లలకు అఫ్లాటాక్సిన్ పెడితే ఏమవుతుందో పరీక్షించి 1964లోనే ప్రకటించారు. టర్కీ పిల్లలు చచ్చి అప్పటికి నాలుగేళ్లే.

1995లో దక్కను పల్లెల్లో మరో బూజు పలకరించింది. అకాల వానకు తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవాళ్లకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. ఈసారి విషం ఫ్యుమోనిసిన్, బూజు ఫ్యుజేరియం. అనుమానం తీర్చుకోవడానికి పోషకాహార సంస్థవాళ్లు ఆ గింజలను ఒక్కరోజు కోడిపిల్లలకు పెట్టారు. వాటికీ విరేచనాలయ్యాయి. బాతు పిల్ల చేసిన పని ఇక్కడ కోడిపిల్ల చేసింది.

కోడి గట్టిపిండం అన్నాను కదా. చిత్తూరు జిల్లాలో 1980లలో జరిగినట్టు విషం మోతాదు మించినప్పుడు మందలు మందలుగా పోవడం ఉంది. కానీ మామూలుగా జరిగేది అది కాదు. కోళ్లు చావవు. గుడ్ల శాతం మెల్లగా తగ్గుతుంది, పెంకు పలచబడుతుంది, కాలేయం పసుపు తిరిగి కొవ్వెక్కుతుంది, వేసిన టీకా పట్టదు. రైతు టీకాను తిడతాడు, వాతావరణాన్ని తిడతాడు, పిల్లలను అమ్మిన హ్యాచరీని తిడతాడు. మేతను తిట్టడం ఆఖరున. అందులోనూ మేత తన ఇంటి మిక్సర్‌లో తయారైనదైతే అసలు తిట్టడు. గుర్తించేటంత గట్టిగా దెబ్బ తగులుతుంది కాబట్టి బాతులు పెంచేవాడు జాగ్రత్తపడతాడు, కోళ్లు పెంచేవాడు నెమ్మదిగా నష్టపోతాడు.

తాజాదనానికి తేమ ఒక్కటే శత్రువు కాదు, గాలీ శత్రువే. ఈ సంగతి బూజు కన్నా ముందే తెలిసింది. 1931లో న్యూయార్కులో పాపెన్‌హైమర్, గోట్ష్ అనే ఇద్దరు కోడిపిల్లలకు శుద్ధి చేసిన తిండిలో కొవ్వు, కాడ్ చేప నూనె కలిపి పెడితే, పిల్లలు మెడలు వంచి, తూలి పడి, చచ్చాయి. మెదడు మెత్తబడి ఉంది. గాలి తగిలి చెడిన నూనె విటమిన్ ఇని హరించేస్తోందని తర్వాత తేలింది. మన దగ్గర ఆ పాత్ర తవుడుది. మిల్లులో బియ్యం నుంచి విడిపడిన గంటల్లోనే తవుడులోని ఎంజైము దాని నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. వానాకాలంలో నెల నిలవున్న పచ్చి తవుడు వాసన చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే నూనె తీసేసిన తవుడుకు గిరాకీ.

ఈ నూనెలు చెడకుండా మేతలో దశాబ్దాల పాటు వాడిన ఎథాక్సీక్విన్ పుట్టుక వేడుకగా ఉంటుంది. రబ్బరు పగుళ్లు తీయకుండా కాపాడే రసాయనాల కుటుంబంలోది అది. టైర్ల దుకాణం నుంచి కోళ్ల గంపలోకి వచ్చింది. ఐరోపా సంఘం 2017లో దాని అనుమతిని నిలిపేసింది.

బూజును ఆపే ప్రోపియోనిక్ ఆమ్లానిది బేకరీ నుంచి వచ్చిన దారి. రొట్టెకు బూజు పట్టకుండా కాల్షియం ప్రోపియోనేట్ కలపడం 1930లలో అమెరికాలో మొదలైంది. తేమ పోని గింజలను నిలవ ఉంచడానికి ఆమ్లాన్ని చల్లడం 1960ల చివర, 1970లలో వ్యాపించింది. అది బూజు కణంలోకి చొరబడి లోపల పులుపెక్కిస్తుంది. ముక్కు మండిస్తుంది, ఇనుప మిక్సర్లను తినేస్తుంది, అందుకే దాని లవణాలుగా మార్చి అమ్ముతారు. మోల్డ్ ఇన్హిబిటర్ పేరుతో మన ఫీడ్ దుకాణాల్లో దొరికే పొడుల్లో ఎక్కువ భాగం దీని బంధువులే. ఒక్కటే షరతు, బూజు రాకముందు కలపాలి. వచ్చాక కలిపితే బూజు చస్తుంది, విషం మేతలోనే కూర్చుని ఉంటుంది.

విషం పడ్డ మేతకు ఏం చెయ్యాలన్నదానికి జవాబు మట్టిలో దొరికింది. మేత గడ్డ కట్టకుండా జారుడుగా ఉండటానికి మిల్లులవాళ్లు ఒక రకం మెత్తని బంకమట్టిని కలిపేవారు. అంతకు మించి దాని మీద ఎవరికీ ఆశ లేదు. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో తిమోతీ ఫిలిప్స్ బృందం 1988లో ఈ మట్టి అఫ్లాటాక్సిన్‌ను తన పొరల మధ్య గట్టిగా పట్టుకుంటుందని చూపింది. కోడి పేగులో విషాన్ని పట్టుకుని రెట్టతో బయటికి పోతుంది. మన ఫారాల్లో టాక్సిన్ బైండర్ అంటే మొదట ఇదే. పలకలా చదునుగా ఉండే అఫ్లాటాక్సిన్ అణువు ఆ పొరల్లోకి చక్కగా దూరుతుంది. ఫ్యుమోనిసిన్, టి-2 వంటి ఇతర బూజు విషాలు అలా దూరవు, వాటికి మామూలు మట్టి పెద్దగా అక్కరకు రాదు.

బైండర్ వచ్చాక మేలు జరిగింది, కీడూ జరిగింది. నల్లబడిన మొక్కజొన్న లోడును వెనక్కి పంపే పట్టుదల సడలింది. ‘రెండు కిలోలు ఎక్కువ వేస్తే సరి’ అన్న మాట మిల్లుల్లో తేలిగ్గా వినబడుతుంది. బైండర్ మీద పెట్టే ఖర్చుకు గోడౌనులో సంచుల కింద పరచడానికి ఎన్ని చెక్క చట్రాలు వస్తాయో లెక్క వేసుకునేవాళ్లు తక్కువ. నేల నుంచి జానెడు ఎత్తు, గోడ నుంచి మూరెడు దూరం, ముందు వచ్చిన బస్తా ముందు బయటికి, రేకుల సైలో వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి గోడలకు అంటిన గడ్డలు గీకడం. వీటిని కనిపెట్టినవారి పేరుతో ఏ సంస్థా లేదు, వీటికి అమ్మకం ఏజెంటూ లేడు. అందుకే కాబోలు వీటి గురించి చెప్పేవాళ్లు లేరు.

ల్యాబు పరీక్ష ఉంది కదా అంటే ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో అఫ్లాటాక్సిన్‌ను కొలిచే ఎలైసా కిట్లు తయారుచేసింది. ఇబ్బంది అంతా నమూనాతో. విషం లోడంతా సమంగా పరుచుకుని ఉండదు. వెయ్యి గింజల్లో ఒక గింజ దాన్ని మోస్తూ ఉండొచ్చు. లారీ వెనక తలుపు దగ్గర గుప్పెడు తీసి పంపితే వచ్చే రిపోర్టుకు ఆ గుప్పెడంతే విలువ. మేతలో బి1 పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు అన్నప్పుడు, టన్నుకు 20 మిల్లీగ్రాములు అన్నమాట. ఆ మాత్రం దాన్ని పట్టాలంటే లోడు పైన, మధ్యన, అడుగున చాలా చోట్ల నమూనా తీసే బొంబు గుచ్చి, అన్నీ కలిపి, మరపట్టి, అప్పుడు కొంచెం తీయాలి.

తేమను మాత్రం ల్యాబు లేకుండా ఇంట్లోనే పట్టుకోవచ్చు. బాగా ఎండిన గాజు సీసాలో మూడో వంతు మొక్కజొన్న పోసి, ఎండలో ఆరబెట్టిన మామూలు ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత బిగించి ఒక నిమిషం పాటు ఊపి, పావుగంట కదపకుండా ఉంచాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ 15 శాతం మించింది, పొడిగా అడుగున పడితే అంతకు తక్కువ. ఊళ్లలో ఎప్పటి నుంచో తిరుగుతున్న ఈ చిట్కాలో స్కాట్ లెక్కే ఉంది. చుట్టూ గాలిలో తేమ 75 శాతం దాటగానే ఉప్పు నీరు పీల్చి చెమ్మగిల్లుతుంది, అంతకు లోపు పీల్చదు. మొక్కజొన్నలో 15 శాతం తేమ ఉన్నప్పుడు సీసాలో ఆ గింజల మధ్య గాలి సరిగ్గా ఆ 75 దగ్గర ఉంటుంది. నిలవకు గీసిన 0.70 గీత దీనికి కొంచెం కిందే, కాబట్టి ఉప్పు అంటుకోలేదని ఆనందించి నెలల తరబడి దాచేయకూడదు, ఇంకో రెండు ఎండలు తగలనివ్వాలి. గోనె సంచిలో గడ్డ కట్టిన మేతకు ఈ సీసా పనికిరాదు. అది గింజ ఇవాళ ఎంత తడిగా ఉందో చెబుతుంది గాని, కిందటి అక్టోబరు వానలో చేలో ఏం పట్టిందో చెప్పదు. దానికి బొంబు, ల్యాబు తప్పవు.